నీళ్ల ట్యాంకులు, నలుగురు అక్కచెల్లెండ్రు, మన పాత ఫొటోలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పంచాంగ శ్రవణం అయినది. ఎవరి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. పచ్చడి తిన్నాము. కవిగారు పద్యాలు చదివినారు. ఇంతటి సభలో ఒక గుమాస్తా లేచి ఫొటోల మాట చెప్పడమేమిటని మీకు తోచవచ్చును. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఏమోయ్, నీవు రాత్రిపూట సెల్‌ఫోనులో దేశదేశాల వింత బొమ్మలు వెతికి చూస్తావట. అవేమిటో కాస్త చెప్పరాదూ, పిల్లలకు కాలక్షేపంగా ఉంటుంది" అని సెలవిచ్చినారు. కాదనలేకపోయినాను. నేను మెట్రిక్ ప్యాసయి రైల్వేలో గుమాస్తాగా చేరినవాడిని. కళ అంటే ఏమిటో నిర్వచించి చెప్పే శక్తి నాకు లేదు. రిజిస్టరు అంటే ఏమిటో మాత్రం పన్నెండేండ్లుగా ప్రతిదినం చూస్తున్నాను. నేను చెప్పబోయే వింతలు చాలామట్టుకు రిజిస్టరు వంటివే గనుక ధైర్యం చేసి నిలబడినాను.

ఇంటర్నెట్‌లో కనబడే వింత బొమ్మలలో తాలు ఎక్కువ, గింజ తక్కువ. పిల్లికి కళ్లజోడు పెట్టి ఫొటో తీసినవాడూ అక్కడ కళాకారుడే. చూచి, నవ్వుకొని, మరచిపోవచ్చును. నాకు వాటిమీద కోపం లేదు. అయితే కొన్ని బొమ్మలున్నవి. అవి రాత్రి చూస్తే మరునాడు ఆఫీసులో కూర్చొని కూడికలు వేస్తున్నప్పుడు మళ్లీ కండ్లముందు నిలుస్తవి. ఇవి ఎందుకు ఇట్లా వెంటబడుతున్నవి అని విచారించుకొంటే నాకు ఒకటే తోచింది. వాటిని తీసినవాడు ఏదో ఒక నియమం పెట్టుకొన్నాడు. లోకం నవ్వినా ఆ నియమాన్ని వదలలేదు. ఉదాహరణలు చెప్తాను, మీరే చిత్తగించండి.

మనది రైలు ఊరు గనుక రైలుతోనే మొదలు పెడతాను.

ఆఫ్రికాలో కెన్యా దేశానికి రాజధాని నైరోబీ. ఆ నగరంలో కిబేరా అనే పెద్ద బస్తీ ఉన్నది. తుప్పు పట్టిన రేకుల ఇండ్లు ఒకదాని నొకటి ఒరుసుకొని ఉంటవి. వాటికి పైవైపున కట్టమీదుగా రైలు పట్టాలు పోతవి. ఆ రైలు మార్గం తెల్లవారు 1896 నుండి 1901 వరకు వేయించినది. వేసిన కూలీలలో చాలామంది మన దేశం నుండి ఓడ ఎక్కిపోయినవారు, ముఖ్యంగా పంజాబు వారు. పొట్ట చేతబట్టుకొని పట్టాల వెంట పోయినవారు మనమొక్కరమే కాదని ఈ మాట ఎత్తినాను.

2009లో జె.ఆర్. అనే ఫ్రెంచివాడు, రెండక్షరాలే అతని పేరు, ఆ బస్తీకి వెళ్లి అక్కడి ఆడవారి ముఖాలను దగ్గరనుండి ఫొటోలు తీసినాడు. వాటిని ఇంటికప్పు అంత పెద్దవిగా అచ్చు వేయించి, ఆ ఇండ్ల కప్పులమీదనే పరచినాడు. దాదాపు 2,000 చదరపు మీటర్ల కప్పులు ఆ ముఖాలతో నిండినవి. కాగితం అయితే ఒక్క వానకు పోయేది. మన ఎన్నికల బ్యానర్ల ఫ్లెక్సీ వంటి నీరు దిగని సరుకు వాడినాడు. అందుచేత ఎవరి ముఖం వారి ఇంటికి వాన కురవకుండా కాపు కాసింది.

అంతటితో ఆగలేదు. ఆ దారిన పోయే రైలు పెట్టెల పక్కలమీద ఆ స్త్రీల కండ్లు మాత్రం అంటించినాడు. పట్టాల కింద ఏటవాలు కట్టమీద రేకులు పరచి, వాటిమీద అవే ముఖాల ముక్కు, నోరు, గడ్డం అంటించినాడు. రైలు లేనప్పుడు కట్టమీద సగం ముఖాలే. రైలు వచ్చి సరిగ్గా ఆ చోటికి చేరిన క్షణాన కండ్లు వచ్చి నోటిపైన నిలుస్తవి. ముఖం నిండుతుంది. రైలు సాగిపోతుంది, మళ్లీ సగమే. డ్యూటీకి పోయిన మనిషి కోసం లైను వైపు చూచే ఆడవారు మన కాలనీలో ప్రతి వరుసలోనూ ఉన్నారు గనుక, ఆ బొమ్మకు నేను అర్థం చెప్పనక్కర లేదనుకొంటాను.

బయటివాడు వచ్చి బీదల ముఖాలు తీసుకొని తాను కీర్తి గడించి పోయినాడని కొందరు అనవచ్చును. ఆ మాటలో కొంత సబబు లేకపోలేదు. అయితే ఆ బొమ్మ ఇంటిపైన కప్పుగా పనిచేసింది. కీర్తి గడించేవారందరూ ఆపాటి పని చేస్తే నాకు చాలును.

ఇది క్షణంలో నిండి క్షణంలో పోయే ముఖం. ఇక దాదాపు యాభై ఏండ్లు సాగిన పని చెప్తాను. జర్మనీ దేశంలో బెర్న్డ్ బెఖర్, హిల్లా బెఖర్ అని భార్యాభర్తలుండేవారు. బెర్న్డ్ పుట్టిన ఊరు జీగెన్, ఇనుప గనుల ప్రాంతం. ఆయన మొదట అక్కడి గనుల కట్టడాలను చేతితో గీసేవాడు. గీత పూర్తి కాకముందే కట్టడాన్ని కూలగొడుతూ ఉండేవారు. చేయి వెనుకబడుతున్నదని కెమెరా పట్టినాడు. 1959 నుండి ఆ ఇద్దరూ కలిసి తీయసాగినారు, 1961లో పెండ్లి చేసుకొన్నారు. 2007లో బెర్న్డ్ పోయేవరకు ఆ పని వదలలేదు. హిల్లా 2015లో పోయినది.

వారు తీసినవేమిటి? నీళ్ల ట్యాంకులు, ఇనుము కరగించే కొలుములు, గనుల బావులమీది చక్రాల గోపురాలు, సున్నపు బట్టీలు. పెండ్లయిన దంపతులు ఊరూరా తిరిగి నీళ్ల ట్యాంకులు ఫొటోలు తీయడం! మన వీధిలో అయితే ఏమనేవారో నేను చెప్పనక్కర లేదు.

వారి నియమం వినండి. ఎండ కాసే దినాన తీయరాదు, నీడలు పడతవి. మబ్బు కమ్మి ఆకాశం తెల్లగా ఉన్న దినానే తీయవలె. కట్టడం నిట్టనిలువుగా, ఎదురుగా, ఫొటో మధ్యలో ఉండవలె. అందుకు నిచ్చెనలు కూడా ఎక్కేవారు. పెద్ద ప్లేటు కెమెరా, నలుపు తెలుపు. ఇట్లా తీసిన వాటిని తొమ్మిదో, పన్నెండో, పదిహేనో ఒకే కొలతలో వరుసలు వరుసలుగా పేర్చి గోడకు తగిలించేవారు.

ఒక్క ట్యాంకు ఫొటో చూస్తే ఏమీ లేదు. పన్నెండు ఒక్కచోట చూచినప్పుడు ఆశ్చర్యం పుడుతుంది. ఒకటి గొడుగువలె, ఒకటి గుమ్మడికాయవలె, ఒకటి తలపాగా చుట్టిన మనిషివలె. పని అందరిదీ ఒకటే, నీరు పైన నిలిపి కిందికి వదలడం. ఆ పనికి ఇన్ని రూపాలా అనిపిస్తుంది. 1990లో వెనిస్ నగరపు కళాప్రదర్శనలో వీరికి బంగారు సింహం బహుమానం ఇచ్చినారు. అది కూడా ఫొటోలకు గాదు, శిల్పానికి! కట్టిన ఇంజనీరుకు తాను శిల్పినని తెలియదు. ఆ మాట అతనికి బదులుగా వీరు చెప్పినారు.

మన స్టేషనులో ఆవిరి ఇంజన్లకు నీరు పట్టిన ట్యాంకులు, వంగిన మెడతో నిలబడిన నీటిగొట్టాలు మీలో పెద్దలకు గుర్తే. మా నాన్నగారు వాటి పక్కనే పని చేసినారు. వాటి ఫొటో ఒక్కటైనా ఉన్నదా అని మా వరుసలో పది ఇండ్ల నడిగినాను. లేదు. పెండ్లి ఫొటోలున్నవి, పుట్టువెంట్రుకల ఫొటోలున్నవి, తిరుపతిలో, పూరీలో తీసుకొన్నవి ఉన్నవి. మనకు అన్నం పెట్టిన చోటు ఫొటో లేదు.

ఇప్పుడు మనుష్యుల సంగతికి వస్తాను. అమెరికాలో నికొలాస్ నిక్సన్ అనే ఛాయాచిత్రకారుడు 1975లో తన భార్యనూ, ఆమె ముగ్గురు చెల్లెండ్రనూ నిలబెట్టి ఒక ఫొటో తీసినాడు. అప్పటికి పెద్దామెకు 25, చిన్నామెకు 15 ఏండ్లు. మరుసటి ఏడు మళ్లీ తీసినాడు. ఏడాదికి ఒకటి చొప్పున తీయవలెననీ, నలుగురూ ఎప్పుడూ ఆ మొదటి ఫొటోలో నిలబడిన క్రమంలోనే ఎడమనుండి కుడికి నిలబడవలెననీ అందరూ ఒప్పుకొన్నారు. ఆ కెమెరా పెద్దది, మూడుకాళ్ల స్టాండుమీద నిలిపేది, ఒక్కొక్క ఫిల్ము ఎనిమిది అంగుళాలకు పది అంగుళాలు ఉంటుంది. ఇంటి బయట, వచ్చిన వెలుతురులో, కట్టుకొన్న బట్టలతోనే. ఎన్ని తీసినా ఆ సంవత్సరానికి నిలిచేది ఒక్కటే. నలభై ఏండ్లు నిండిన పిమ్మట 2014లో న్యూయార్కు మోడరన్ ఆర్ట్ మ్యూజియం వారు నలభై ఫొటోలనూ ప్రదర్శించినారు. తరువాత కూడా ఆ పని సాగినది.

ఆ నలభై బొమ్మలను వరుసగా చూస్తే కథ చెప్పేవారెవరూ ఉండరు. ఎవరికి పెండ్లి అయినది, ఎవరికి దుఃఖం వచ్చినది, ఎవరు ఎవరితో మాట మానినారు, ఏదీ రాసి లేదు. ఒక ఏడు ఇద్దరి నడుమ కొంచెం ఎడం కనబడుతుంది. మరొక ఏడు ఒకామె చేయి మరొకామె భుజంమీద ఉంటుంది. చర్మం ముడుతలు పడుతుంది, జుట్టు నెరుస్తుంది. ఏండ్లు పైబడిన కొద్దీ ఒకరి కొకరు దగ్గరగా జరిగి నిలబడినట్టు నాకు తోచినది.

మా ఇంటిది నా భుజంమీదుగా ఈ బొమ్మలన్నీ చూచి, "నలుగురిలో ఒకరు లేకపోయిన ఏడు ఏమి చేస్తారండీ?" అని అడిగింది. చూచేవారందరూ నోట అనకుండా మనసులో అడిగే ప్రశ్న అదే. ఆ ప్రశ్న మొదటి ఫొటోలో లేదు. పదవదానిలోనూ లేదేమో. ముప్పై దాటిన తరువాత ప్రతి ఫొటోలోనూ ఉన్నది. నియమం తప్పకుండా సాగిన పనిలోనే ఇటువంటిది పుడుతుంది. ఏ ఒక్క ఫొటోనూ ఎంత గొప్పగా తీసినా రాదు.

మరి కొన్ని త్వరగా చెప్తాను. పీటర్ మెంజెల్ అనే ఆయన 1994లో ఒక పుస్తకం వెలువరించినాడు. ముప్పై దేశాలలో ముప్పై కుటుంబాలను ఎంచుకొని, ఇంటిలోని సామానంతా బయటికి తెప్పించి, ఇంటి ముందర పేర్చి, నడుమ కుటుంబాన్ని నిలబెట్టి ఫొటో తీసినారు. జపాను వారి సామాను వీధి నిండింది. ఆఫ్రికాలో మాలీ దేశపు కుటుంబం తమ మట్టిమిద్దె మీద గిన్నెలు, కుండలు ముందుంచుకొని కూర్చున్నారు. భూటాను వారు తమ పవిత్ర గ్రంథాలు తెచ్చి పెట్టుకొన్నారు. నేను అది చూచి, క్వార్టరు ఖాళీ చేసే దినం అనుకొన్నాను. రిటైరయిన వారి ఇంటి ముందర లారీ ఆగి, మంచం, బీరువా, రుబ్బురోలు, తులసికోట అన్నీ వీధిలో నిలబడే దృశ్యం మనం ప్రతి ఏడూ చూస్తున్నదే. మనలో ఎవరూ దానిని ఫొటో తీయదగినదిగా తలచలేదు, అంతే.

ఇరీనా వెర్నింగ్ అని అర్జెంటీనా దేశపు ఆమె 2010 నుండి ఒక తమాషా పని చేసింది. మనుష్యుల చిన్ననాటి ఫొటో తీసుకొని, అదే చోటు, అటువంటి బట్టలు, అదే వెలుతురు కుదిర్చి, పెద్దయిన ఆ మనిషినే అట్లాగే కూర్చోబెట్టి మళ్లీ తీయడం. గడ్డం పెరిగినవాడు చంటిబిడ్డ చేష్టలు చేస్తుంటే నవ్వు రాక మానదు. పిల్లలు తప్పక చూడవలసినది.

గుమాస్తాలు చూడవలసినది ఇంకొకటి. మన దేశపు ఛాయాచిత్రకారిణి దయానితా సింగ్ 2013లో "ఫైల్ రూమ్" అనే పుస్తకం తెచ్చింది. అందులో అన్నీ ఫైళ్లే. బట్టలో మూటకట్టిన దస్తరాలు, పైకప్పు అంటిన రాకులు, వాటి నడుమ బల్ల దగ్గర కూర్చొన్న మనిషి. అన్నీ నలుపు తెలుపు. పాత రికార్డు గదిలో దుమ్ము తింటూ పని చేసేటప్పుడు ఎవడికి పట్టింది ఈ పని అనుకొంటాము. పట్టినది ఒకామెకు. ఆమె ఫొటోలను గోడకు మేకులు కొట్టి ఊరుకోకుండా, మడిచి తెరిచే కొయ్య చట్రాలలో అమర్చి, కావలసినప్పుడు మార్చి పేర్చేటట్టు చేసింది. 2022లో హాసెల్‌బ్లాడ్ బహుమానం ఆమెకు వచ్చింది.

ఇవన్నీ చూడడానికి టిక్కెట్టు అక్కరలేదు. న్యూయార్కు మ్యూజియం వారు తమవద్ద ఉన్న అక్కచెల్లెండ్ర బొమ్మలను ఇంటర్నెట్‌లో చూడనిస్తున్నారు. అయితే పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పవలె. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చే బొమ్మలో తీసినవారి పేరు ఉండదు, ఊరు ఉండదు, సంవత్సరం ఉండదు. దాని కింద ఎవరో ఒక కట్టుకథ తగిలిస్తారు. బొమ్మ నచ్చితే తీసినవారి పేరు కనుక్కోండి. పేరుతో వెతికి, మ్యూజియం వారి వద్దనో, తీసినవారి వద్దనో చూడండి. పేరు తెగిన బొమ్మ గార్డు లేని బండి వంటిది, ఎక్కడినుండి వచ్చిందో అడగడానికి మనిషి ఉండడు.

ఈ పేరు మాటే నన్ను మన ఇండ్లలోకి తీసుకొని వచ్చింది. మా మేనమామ గారి ట్రంకుపెట్టెలో ఒక ఫొటో ఉన్నది. ఇంజను ముందర పన్నెండుగురు నిలబడినారు. బి.ఎన్.ఆర్. కాలపు టోపీలు, నిక్కర్లు, ఇద్దరికి కాళ్లకు చెప్పులు లేవు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెలనుండి ఈ ఖుర్దారోడ్డుకు వచ్చిన మొదటి తరాల వారు. మా అత్తయ్యకు ఎనభై నాలుగేండ్లు. ఫొటో చేతికిచ్చి అడిగితే వేలు పెట్టి ఏడుగురి పేర్లు చెప్పింది. ఇంటిపేర్లతో, ఊళ్లతో సహా చెప్పింది. ఎనిమిదవ మనిషి దగ్గర ఆగి, "ఈయన పాట బాగా పాడేవాడురా, పేరు నోటికి రావడం లేదు" అన్నది. మిగిలిన నలుగురు ఎవరో ఆమెకూ తెలియదు. వారి మనుమలు ఈ సభలోనే ఉన్నారేమో! ఆ ఫొటో ముందునుండి వారు నడచి పోయినా వారికి తెలియదు, మాకూ తెలియదు.

అనూషా యాదవ్ అనే బొంబాయి ఛాయాచిత్రకారిణి 2010లో "ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్" అని ఇంటర్నెట్‌లో ఒక భాండారం మొదలు పెట్టింది. ఎవరి ఇంటి పాత ఫొటో వారు పంపుతారు, అందులో ఉన్నది ఎవరు, ఎప్పుడు, ఏమి జరిగింది అని కూడా రాస్తారు. రాజులవీ, నాయకులవీ కావు. మామూలు కుటుంబాల పెండ్లిళ్లు, ఉద్యోగాలు, దేశ విభజనలో ఇల్లు వదిలిన వారి సంగతులు. ఫొటో పక్కన ఆ నాలుగు మాటలు లేకపోతే అది ఎవరిదో తెలియని ముఖమే. నాలుగు మాటలు చేరగానే దేశ చరిత్రలో ఒక కాగితం అయినది.

అందుచేత సంఘం వారికి నా మనవి ఏమనగా, ఇంటికొక పాత ఫొటో పోగుచేద్దాము. పెద్దలు చెప్పవలె, పిల్లలు రాయవలె. పాత మందపాటి ఫొటో అయితే వెనుకవైపున మెత్తని పెన్సిలుతో, అదిమిపట్టకుండా రాయవచ్చును. బాల్‌పెన్ను వాడరాదు, సిరా ముందువైపుకు దిగుతుంది. ఈ కాలపు నున్నని రంగు ఫొటోల వెనుక పెన్సిలు పారదు. వాటిని కవరులో పెట్టి కవరుమీద, ఫొటో పెట్టకముందే, రాయండి. జిగురు పేజీల ఆల్బములు వద్దు, లామినేషన్ అసలే వద్దు. సెల్‌ఫోనుతో నకలు తీసేవారు కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫొటోకు సమంగా పట్టి తీయండి.

ఇంకొక మాట. ఇది పెద్దలలో కొందరికి రుచించకపోవచ్చును. పేర్లు తెలుగులో రాయవలసినదే. కాని తెలుగులో మాత్రమే రాస్తే చాలదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. అక్షరాలు కూడబలుక్కొని చదివేవారు ఈ సభలో ఎందరో లెక్కపెడితే మనకే సిగ్గు వేస్తుంది. పిల్లలకు తెలుగు నేర్పించే తరగతి జరగవలెను, దానికి నేనూ చందా ఇస్తాను. అయితే ముత్తాత పేరు ఆ తరగతి ఫలించే వరకు ఆగలేదు. తెలుగు కింద ఒడియాలోనో, ఇంగ్లీషులోనో కూడా రాయండి. మనుమడు ఏ లిపి చదవగలిగితే ఆ లిపిలో ఆ పేరు ఉండవలె.

ఆ అమెరికా నియమం కూడా మనం పట్టుకోవచ్చును. ప్రతి ఉగాదికి, పచ్చడి తిన్న పిమ్మట, ప్రతి కుటుంబం తమ వాకిట అదే క్రమంలో నిలబడి ఒక్క ఫొటో. బదిలీ అయి వెళ్లినవారి చోటు ఖాళీగా ఉంచండి, మూసివేయవద్దు. వాకిలి మారితే మారనీయండి, క్వార్టరు నంబరు కనబడేటట్టు నిలబడండి.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఈ హాలులోనే బల్లలు వేయించి ఉంచుతామని కార్యదర్శి గారు ఒప్పుకొన్నారు. రెండు డజన్ల మెత్తని పెన్సిళ్లు, కవర్ల కట్ట నేను తెచ్చినాను. ఇంజను ముందరి పన్నెండుగురి ఫొటో కూడా తెస్తాను. మా అత్తయ్యను రిక్షాలో తీసుకొనివస్తాను. పాట పాడే ఆ ఎనిమిదవ ఆయన ఎవరి తాతగారో ఎవరికైనా తెలిస్తే ఆమెకు చెప్పగోరుతాను. సెలవు.